కొట్టంలో బర్రెనా, అంబాసిడరా

మా ఆయన మిర్యాలగూడ మిల్లుల బియ్యం లారీలు నడిపి నడిపి, మోకాళ్లు మొరాయించాక ఇంట్లో కూర్చున్నాడు. పని లేక కూర్చున్న మొగుడితో వేగడం ఎట్లా ఉంటుందో ఆ ఇంటి ఆడదాన్ని అడగాలి. కూరలో ఉప్పు సంగతి ఆయనకే కావాలి, బర్రెకు నేను వేసే తవుడు సంగతీ ఆయనకే కావాలి. అటువంటి మనిషి ఒకనాడు కోదాడలో పెళ్లికి పోయి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గడపలో నిలబడి, "ఒక కారు కొందామే" అన్నాడు.

నేను పాలు వడకడుతున్నాను. చెయ్యి ఆపలేదు.

"ఏం కారు?"

"అంబాసిడర్. పాతది. పెండ్లోళ్ల పక్కింట్ల మామిడిచెట్టు కింద ఉన్నది. ఇనుప సామాను ధరకు ఇస్తరట. తెచ్చి బాగుజేస్త."

"నడుస్తదా?"

"నడ్వదు. నేను నడిపిస్త అంటున్న గద."

"నువ్వే కట్టె పట్టుకొని నడుస్తున్నవ్. నువ్వు దాన్ని నడిపిస్తవా, అది నిన్ను నడిపిస్తదా?"

ఆయన ఆ మాట విననట్టే వెనక వాకిలి వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. మా ఇంటి వెనక ఒక్కటే రేకుల కొట్టం. అవతల మిల్లు గోడ, ఇవతల మా గోడ. అందులో నా బర్రె ఉంటుంది. కారు వస్తే బర్రె ఉండదు, బర్రె ఉంటే కారు రాదు.

"దానికి ఈడు ఎల్లిపోయింది. ఎట్లయిన అమ్మేదే గద," అన్నాడు మెల్లగా.

"ఈడు మాట నువ్వెత్తకు. ఈ ఇంట్ల ఈడు ఎల్లినోల్లను అమ్ముడు మొదలువెడితే ముందు ఎవర్ని తోలాల్నో నాకు ఎరుకే."

ఆ బర్రె నా సొంతం. నాలుగిళ్లకు పాలు పోస్తాను. ఆ పాలమ్మిన పైసలతోనే నాకు బస్సు కిరాయి, నా మందుబిళ్లలు, మనవరాలికి గాజులు. దేనికీ ఆయన ముందు చెయ్యి చాపే పని లేదు. కొట్టం పోతే అది పోతుంది. కానీ మగవాడికి ఒకటి వద్దంటే అదే కావాలనిపిస్తుంది. అందుకని వద్దనలేదు. "నేను కూడ వచ్చి సూస్త. సూసినంక చెప్త," అన్నాను.

సూర్యాపేటలో మా ఆయనకు ఒక దోస్తు ఉన్నాడు. లారీల మెకానిక్కు. తమ్ముడి వరస పెట్టి ఈయన్ను అన్నా అంటాడు, నన్ను వదినె అంటాడు. షెడ్డు ముందు భాగం కొడుక్కు ఇచ్చేసి, వెనక ఖాళీ చోట మంచం వేసుకొని ఉంటాడు. కారును చూసి చెప్పమని అతన్ని పిలిచారు. అతను సూర్యాపేట నుంచి, మేము మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా, ఎవరి బస్సులో వాళ్లం కోదాడ చేరుకున్నాం.

కారు ఒకప్పుడు తెల్లనిదట. పైన మామిడాకులు కుళ్లి పేరుకున్నాయి. టైర్లు నేలలోకి దిగిపోయాయి. వెనక సీటులో ఒక కోడిపెట్ట కూర్చొని, ఈ ముసలోళ్లు ఎవరన్నట్టు మమ్మల్ని చూసింది. ఇంటావిడ నా ఈడుదే. భర్త పోయి చాలాకాలమైంది. కుర్చీలు వేయించి మజ్జిగ ఇచ్చింది.

"కారున్న చోట కిరాయికి గదులు కడుతున్నామండీ, అందుకని తీసేస్తున్నాం. మా ఆయన ఉన్నన్నాళ్లు రోజూ ఆయనే తుడిచేవారు. ఇంకొకళ్లని చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు," అంది.

మా ఆయన కారు చుట్టూ తిరుగుతూ మొదలుపెట్టాడు. "ఏమి రేకమ్మా ఇది, ఇప్పటి కార్లకు ఉంటదా గిసుంటి రేకు. సీట్లు సూడు, మంచం లెక్క ఉన్నయి. స్టీరింగు పక్కకే గేరు. రాజా బండి." ఎంతసేపూ మెచ్చుకోవడమే. బానెట్టు మాత్రం ఎత్తలేదు.

మెకానిక్కు దానికి తలకిందులు. వచ్చీ రాగానే ఎత్తాడు. "వైరింగంత ఎలుకలు కొరికినయి," అన్నాడు. నడుము నొప్పి అని బస్సులో నిలబడే వచ్చిన మనిషి, నేల మీద పడుకొని కిందికి దూరాడు. "ఫ్లోరు పుచ్చిపోయింది. బ్రేకులు పట్టేసినయి. ఇది తుక్కే వదినె, తూకానికి కూడ దండుగ." బయటికి వచ్చి చేతులు దులుపుకున్నాడు. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు దూరాడు. ఈసారి గేరుబాక్సును తిట్టాడు. మాట్లాడుతున్నంత సేపూ ఒక చేత్తో మడ్‌గార్డు మీది మట్టిని తుడుస్తూనే ఉన్నాడు.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అంతకు ముందు నాకున్న చదువంతా పశువుల అంగడిది. మా నాయన వెంట పోయి నేర్చుకున్నాను. అంగడిలో కొననివాడు ఎద్దును చూసి, మంచి ఎద్దురా అని మూపు తట్టి పోతాడు. వాడికి పోయేదేముంది? కొనేవాడే పళ్లు చూస్తాడు, గిట్టలు ఎత్తి చూస్తాడు, సుడి బాగాలేదంటాడు, కుంటుతుందంటాడు. ఎన్ని వంకలు పెడితే అంత మనసైనట్టు. మా నాయన బేరానికి నిలబడితే, మెచ్చుకున్నవాళ్ల వైపు చూసేవాడే కాదు. తిట్టేవాడి వైపే తిరిగి కూర్చునేవాడు.

నేను కూడా మెకానిక్కు వైపే తిరిగాను.

"అయితే ఇది పనికిరాదంటవ్, మరిదీ?"

"అస్సలుకే రాదు."

"అయితే ఇగ లే. బస్సుకు పోదాం."

నేను లేచాను. మా ఆయన కట్టె అందుకున్నాడు. మెకానిక్కు లేవలేదు. టైరు పక్కన గొంతుక్కూర్చొని, "ఫ్లోరంటె... ఫ్లోరు కొత్తది ఎయ్యొచ్చు అనుకో," అన్నాడు.

"ఎవరు ఏస్తరు?"

"ఎవరన్న ఏస్తరు."

"నువ్వే కొనుక్కో. నీ షెడ్డు ఎనక జాగ ఉన్నది గద."

"నాకెందుకు వదినె గీ తుక్కు," అన్నాడు. అంటూనే డోరు తీసి, కోడిని జరుపుకొని లోపల కూర్చున్నాడు.

మా ఆయన ముఖం చిన్నబోయింది. "సూశింది నేను," అన్నాడు నాతో, పక్కకు తిరిగి. "మొదలు సూశింది నేను గద."

ఆ మాటకు నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. మెకానిక్కుకు కూడా వినబడినట్టుంది. లోపలి నుంచే అన్నాడు, "అన్న రాకుంటె నేను దీన్ని ముట్ట. ఒక్కన్ని ఎట్ల జేస్త? బోల్టులు ఇప్పుతాంటె పానాలు ఎవరందిస్తరు?"

"నేను పానాలు అందియ్యాల్నా? డ్రైవర్‌ను నేను," అన్నాడు మా ఆయన. కానీ గొంతులో కోపం లేదు. అప్పుడే కారుకు రెండో వైపు నడిచి, అటు డోరు తీసే పనిలో ఉన్నాడు.

మెకానిక్కు కొనేటట్టు బేరం కుదిరింది. ఇంటావిడ కాగితాలు తెచ్చి ఇచ్చింది. తాళంచెవి మాత్రం కొంగుకు ముడి వేసుకుంది.

"తాళం ఇవ్వనండీ. బర్రెను అమ్మితే పలుపు ఇస్తామా?"

మేము ముగ్గురం తల ఊపాం. న్యాయమే కదా. బర్రెను అమ్మినవాళ్లు మెడలోని పలుపు విప్పి తమ దగ్గరే ఉంచుకుంటారు, కొన్నవాళ్లు కొత్త తాడు తెచ్చుకుంటారు. పలుపు దాటితే ఇంటి పాడి దాటుతుందంటారు. అదేమిటమ్మా అని ఎవరమూ అడగలేదు. తిరిగి వస్తూ బస్సు హుజూర్‌నగర్ దాటాక మా ఆయన ఉలిక్కిపడ్డాడు.

"తాళం లేకుంటె కారు ఎట్ల స్టార్టయితదే?"

"తాళమున్నా ఇప్పుడు అయితదా అది?"

"అది గూడ నిజమే," అన్నాడాయన.

కారును చిన్న లారీ మీద ఎక్కించి సూర్యాపేట తీసుకుపోయారు. ఇప్పుడు మా ఆయన వారంలో ఎక్కువ రోజులు పొద్దున్నే సద్ది కట్టించుకొని బస్సెక్కుతాడు. సాయంత్రం గ్రీజు మరకలతో వస్తాడు. కూరలో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా తిని పడుకుంటాడు.

మొన్న నేను కూడా చూసొద్దామని పోయాను. కారు చక్రాలు లేకుండా ఇటుకల మీద ఉంది. మెకానిక్కు కింద, మా ఆయన స్టీరింగు ముందు. ఒకరినొకరు తిట్టుకుంటున్నారు.

"ఎప్పుడు నడుస్తదయ్యా ఇది?"

"నడుస్తది. నడిచిననాడు నిన్ను ఎక్కించుకొని సీదా మనింటికే తోలుకొస్త. కొన్నొద్దులు మన కొట్టంల పెట్టుకొమ్మని తమ్ముడు గూడ అన్నడు," అన్నాడు మా ఆయన, స్టీరింగు తిప్పుతూ.

నేను వంగి కారు కిందికి చూశాను. మెకానిక్కు కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కాళ్లతోనే చెప్పాను.

"నిమ్మలంగ చెయ్యి మరిదీ. తొందరేం లేదు."