తల్లి లేని నవల

ఈమధ్య చారిత్రక నవల ఏది చేతికొచ్చినా ముందు బరువు చూస్తున్నాను. లోపల ఏముందన్నది తరవాతి సంగతి. సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో నిలబడి, ఒంటిచేత్తో పట్టుకోగలనా లేదా అన్నదే నా మొదటి విమర్శ. రాజుగారు గుర్రం దిగడానికి నాలుగు పేజీలు, దిగి మంచినీళ్ళు తాగడానికి రెండు (గుర్రం తాగడానికి ఇంకో రెండు). పోనీ సాహిత్య నవల పట్టుకుందామా అంటే, అందులో నాయకుడు కిటికీ దగ్గర నిలబడి మొదటి అధ్యాయంలో మొదలుపెట్టిన ఆలోచన చివరికి కూడా తెమలదు. విసిగిపోయాను. నాలుగేసి పేజీలు ఒక్కసారే తిప్పేస్తున్నాను. ఒకప్పుడు ఇలా ఉండేవాణ్ణి కాదు. మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్విపోసిన ఆ రోజుల్లో బస్సు కదిలేది కాదు, ఎంత లావు పుస్తకమైనా కూర్చుని నమిలి మింగేసేవాణ్ణి. తప్పు పట్టుకోకపోతే చదివినట్టే కాదని అప్పట్లో నా గట్టి నమ్మకం.

అప్పుడు నేను గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో తెలుగు చెప్పేవాణ్ణి. వనస్థలిపురంలో ఓ మేడమీది గదిలో కిరాయికి ఉండేవాణ్ణి. కింద ఉండే ఓనరు గారిది నల్లగొండ వైపు పల్లె. లెక్కల మాస్టారుగా రిటైరై, అందరిలా పొద్దున్నే నడక మొదలుపెట్టకుండా నవల మొదలుపెట్టిన మనిషి. రజాకార్ల కాలంలో ఒక చిన్నపిల్లవాడి కథ అది, అంటే ఆయన కథే. అచ్చయి వచ్చాక ఇంట్లో ఎవరూ దాని జోలికి పోలేదు. సీరియళ్ళలో ఏడుపు తనకు చాలన్నారట ఆయన భార్య. దాంతో తెలుగు మాస్టారినన్న పాపానికి, ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తులో జరిగే ఆవిష్కరణ సభలో నవల గురించి మాట్లాడే పని నా మీద పడింది. ఆయన అడిగిన తీరు ఇప్పటికీ చెవిలో ఉంది.

"తమ్మీ, సభకు మా అవ్వ ఒస్తది. ఆమెకు సదువు రాదు. నేనే సదివి ఇనిపిద్దామంటే గొంతు పట్టుకుంటున్నది. బుక్కుల ఆమె గురించి ఏం రాసిన్నో నీ నోటినుంచి ఇనాలె. గంతే నా కోరిక."

తప్పకుండా అన్నాను. అరవై దాటిన మనిషికి ఇంకా నాయనమ్మ బతికుండటం ఆశ్చర్యమే అయినా, ఈ ప్రాంతపు జొన్నరొట్టెలో ఏదో మహత్తు ఉందనుకుని సరిపెట్టుకున్నాను. (మా వైపు అవ్వ అంటే ముసలమ్మ. నాయనమ్మ కావచ్చు, ఎదురింటి ముసలావిడా కావచ్చు. అమ్మ మాత్రం కాదు.)

నవల బాగుంది. అదే నాకు పెద్ద చిక్కు, తప్పు దొరకడంలేదు. రజాకార్లు ఊరిమీద పడతారు, తండ్రి అడవి పట్టిపోతాడు, అవ్వ పిల్లాణ్ణి చంకనేసుకుని జొన్నచేలకడ్డంపడి పరిగెడుతుంది. ముసలావిడ మరీ ఇంత పరుగా అని ఓ అనుమానం రానే వచ్చింది, పాతకాలపు తిండి అని దాన్ని నొక్కేశాను. ఒకచోట 'అవ్వ పాలిచ్చింది' అని ఉంటే, గ్లాసుతో అనుకున్నాను. అట్ట నుంచి అట్ట దాకా రెండుసార్లు చదివి చివరికి పట్టేశాను: నవల మొత్తంలో ఆ పిల్లాడి తల్లి ఎక్కడా లేదు! దొరికిన లంకెబిందెలా ఆ తప్పును సభ దాకా భద్రంగా దాచుకున్నాను.

సభలో ముందు వరసలో, నేతచీర కట్టుకుని, కాళ్ళు కుర్చీమీదికి ముడుచుకుని కూర్చుంది ఆ అవ్వ. పెద్ద అంబర్‌పేటలో ఉన్న చిన్నకొడుకు ఇంటి నుంచి ఆటోలో తీసుకొచ్చారు. పక్కన ఓనరు గారు కొత్త చొక్కాలో బిగుసుకుని కూర్చున్నారు. నేను లేచి, చరిత్ర గురించి కాసేపు దంచి, గొంతు సవరించుకుని అసలు విషయానికొచ్చాను. ఇంత మంచి నవలకు ఒకే ఒక్క లోటు, రచయిత కన్నతల్లిని మరిచిపోయారు అన్నాను. హాలు నిశ్శబ్దమైపోయింది. అది చప్పట్లకు ముందు వచ్చే నిశ్శబ్దమనుకుని ఇంకోసారి అన్నాను.

"పెద్దోడా, గా పిలగాడు ఏమంటుండురా? నన్ను మర్సినవంటుండా?" అంది ముసలావిడ.

ఓనరు గారు తల దించుకున్నారు. పక్కనున్న అధ్యక్షుల వారు నా చొక్కా లాగి, మా దిక్కు అవ్వంటే అమ్మే సార్ అని చెవిలో చెప్పారు. నాకు ముందు ఆ పాల సంగతి గుర్తొచ్చింది. తరవాత, ఆ మనిషి నన్ను అడిగిన ఒకే ఒక్క కోరిక గుర్తొచ్చింది. సొంత మాటలు ఇక అక్కర్లేదని, పుస్తకం తెరిచి ఆ జొన్నచేను అధ్యాయం మా గుంటూరు యాసలోనే చదవడం మొదలుపెట్టాను.

ఆవిడ మొదట చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. జొన్నచేను కాదు, గది సజ్జచేను అని మధ్యలో ఒకసారి సరిదిద్దింది. నేను చదువుతూ, 'అవ్వ కంట నీటిచుక్క రాలేదు' అన్న వాక్యం దగ్గరికొచ్చాను.

"గది అబద్ధం," అంది, కొడుకువైపు తిరిగి. "ఏడ్సిన బిడ్డా. నువ్వు జడుసుకుంటవని నీ మొఖం అటు తిప్పి ఏడ్సిన."

ఆ సంగతి ఆయనకు అప్పటిదాకా తెలియదు. లెక్కల మాస్టారు అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చారు. మిగిలిన సభ ఎలా జరిగిందో నాకు గుర్తులేదు. కిందికి దిగుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మంచిగ సదివినవ్ కొడుకా, మరి మీ అవ్వ ఏడుంటది అనడిగింది. ఈసారి తడుముకోలేదు, ఊళ్ళో ఉంటుందండీ అన్నాను. గది ఖాళీ చేయమంటారేమోనని బిక్కుబిక్కుమంటూ ఉంటే, మర్నాడు పొద్దున ఓనరు గారే వేడివేడి సర్వపిండి రొట్టె పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

అప్పటి నాలోని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది. ఇప్పుడైతే నేనలాంటి తప్పు చెయ్యను. నవలలో తల్లి ఉందో లేదో అసలు గమనిస్తే కదా! నాలుగు పేజీలు తిప్పేసరికి ఎల్బీనగర్ వచ్చేస్తుంది, దిగిపోతాను. వాడు మాత్రం, పాపం, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ప్రతి పేజీలోనూ ఉన్న తల్లి కోసం అట్ట నుంచి అట్ట దాకా రెండుసార్లు వెతికాడు.