స్లాబు కింద మగ్గం గుంట

1981. చిత్తూరులో ఉంటూ ప్లాన్లు గీసి, చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లు కట్టించే రోజులు. నగరిలో మునిరత్నం అనే నేతగాడి ఇల్లు ఒప్పుకున్నాను. ఆ మనిషికి ఇంటి పిచ్చి అంతా ఇంతా కాదు. పునాది తీసిన రోజు నుంచీ పొద్దున్నే వచ్చి గోడలు తడిమి చూసుకునేవాడు.

స్లాబు పోసి వారం కాలేదు. పచ్చి కాంక్రీటు బరువు మోయడానికి కింద పలకలు పరిచి, సవుకు కర్రలు ఆనించి నిలబెడతారు. సెంట్రింగు అంటే అదే. స్లాబు గట్టిపడేదాకా ఆ కర్రలే దానికి కాళ్లు. పైన రోజూ నీళ్లు నిలబెట్టాలి, అది క్యూరింగు.

ఆ రోజు నేను వెళ్లేసరికి అతని భార్య కుప్పమ్మ స్లాబు మీద నీళ్లు పోస్తోంది. లోపలికి తొంగి చూశాను.

గది మధ్యలో గుంట తవ్వి, మునిరత్నం అందులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. నేసేటప్పుడు కాళ్లు ఆడించడానికి మగ్గం కింద తవ్వే గుంట అది. గుంట అంచున ఉన్న కర్ర కింద మట్టి సగం జారిపోయింది. కర్ర అడుగున పెట్టిన చెక్క సగం గాల్లో వేలాడుతోంది.

"రా సారూ, సూడు! కొలత సరిగ్గా సరిపోయినాది," అన్నాడు సంబరంగా. లేవడానికి ఆ కర్ర మీదికే చెయ్యి చాచాడు.

"కర్ర పట్టుకోవద్దప్పా!"

"ఏం సారూ, పాముండాదా?"

"పామైతే బాగుండేది. కదలొద్దు. నా చెయ్యి పట్టుకో."

పారిపొమ్మని కాళ్లు చెబుతున్నాయి. నాకూ పెళ్లాం బిడ్డలున్నారు. అయినా వెళ్లాను. అతన్ని పైకి లాగుతుంటే గుంట అంచు విరిగింది, కర్ర వాలింది, నెత్తిమీద పలక కిర్రుమంది. సరిగ్గా అప్పుడే పైన కుప్పమ్మ ఇంకో బిందె కుమ్మరించిన చప్పుడు వినిపించింది.

ఇద్దరం బయటపడ్డాం. "అమ్మా, కిందికి దిగు," అని అరిచాను.

"ఆ మూల ఆరిపోతా ఉండాది సారూ, ఒక్క బిందె పోసొస్తా."

"దిగుమ్మే!" అని మునిరత్నం పెట్టిన కేక వీధి చివరికి వినిపించి ఉంటుంది. ఆమె బిందె అక్కడే వదిలేసి గబగబా దిగొచ్చింది.

మేస్త్రీని పిలిపించి, పక్కన కొత్త కర్రలు ఆనించి, గుంటను రాళ్లతో పూడ్పించాను. దేవుడి దయ, స్లాబు నిలిచింది. భయం తగ్గాక నాకు కోపం ముంచుకొచ్చింది. "నీకేమైనా బుద్ధుందా? చచ్చేవాడివి గదయ్యా! పైన నీ పెళ్లాం కూడా!" అని చెడామడా తిట్టాను.

అతను ఇసక మీద కూలబడ్డాడు. "అద్దె ఇంట్లో గుంట తవ్వనీరు సారూ. మా నాయన బతుకంతా ఒకరి కొట్టంలోనే నేసినాడు. ఇది నా ఇల్లే గదా అని తవ్వినా," అన్నాడు.

సొంత ఇంటిని చూసి ఏ మనిషీ భయపడడు. ఇల్లు కట్టుకునేవాళ్ల బదులు భయపడటానికే నాకు ఫీజు ఇస్తున్నారని ఆ రోజు తెలిసింది.