అప్పా అన్న పాపానికి

ఆయన ఫొటో ఆ మధ్య ఒక పత్రికలో పడింది. మెడలో దండ, భుజాన శాలువా. పెద్ద బ్యాంకుకు జనరల్ మేనేజరుగా చేసి రిటైరయ్యాడట, స్వయంకృషితో పైకొచ్చాడట. చదువుతుంటే ఒళ్లు మండింది. ఆ కృషిలో సగం నా నోటిది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊరంతా గుడారాలు, కొత్త ముఖాలు. నేను గుమాస్తాగా ఉన్న బ్యాంకుకు కోస్తా నుంచి కొత్త ఏజెంటుగా ఈయన వచ్చాడు. బ్రాంచి మేనేజరును అప్పట్లో ఏజెంటు అనేవారు. ఆయనకు మా ఎండ పడలేదు, మా నీళ్లు పడలేదు, జొన్నరొట్టెను చూస్తే ముఖం చిట్లించేవాడు. మా మాట మాత్రం ఆయనకు మంచి కాలక్షేపం. "ఉండాది ఏమిటయ్యా, ఉంది అనలేవూ?" అని నలుగురిలో అడిగేవాడు. ఆ నలుగురితో పాటు నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

డిపాజిట్లు తెమ్మని హెడ్డాఫీసు ఆయన్ను వేపుకు తింటుండేది. మా రైతులేమో బ్యాంకును నమ్మేవాళ్లు కాదు. ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని ఓర్వకల్లు వైపు ఒక ఊరికి బయల్దేరాడు. రచ్చబండ దగ్గర నిలబడి, కోటు సర్దుకుని, "చూడండి, మా సంస్థ ఏమిటంటే" అని మొదలుపెట్టాడో లేదో, వాళ్లు తుండుగుడ్డలు దులుపుకుని లేచారు. నేను పోయి వాళ్ల పక్కన చతికిలబడి, "ఏమప్పా, ఈడ వాన పడిండాదా?" అన్నాను. లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నాం. ఆయన నా నోటివైపే చూస్తూ ఉండిపోయాడు.

మా సీమలో కలెక్టరైనా అప్పానే, కూలివాడైనా అప్పానే. అందులో మర్యాద ఉంది, మనవాడనుకోవడం ఉంది. తిరుగు బస్సులో ఆయనకు ఇదంతా విప్పి చెప్పింది నేనే. ఎంత వెర్రివాణ్ణి! ఆర్నెల్లు తిరక్కముందే ఆయన నన్ను మించిపోయాడు. కోడుమూరులో ఒక ముసలి రైతుకు రెండు చేతులూ జోడించి, "ఏమప్పా, బాగుండావా?" అన్నాడు. "ఈ సారు మన మాదిరే మాట్లాడతాండాడు గదప్పా" అని ఆ ముసలాయన మురిసిపోయాడు. అప్పటి నుంచి సేద్యగాళ్లు వెతుక్కుంటూ మా బ్యాంకుకు వచ్చేవాళ్లు. కోడుమూరులో బ్రాంచి పెడుతున్నామనీ, దానికి ఏజెంటువు నువ్వేననీ ఆయన నాకు మాటిచ్చాడు.

ఆ మాటను ఖాయం చేయడానికే బ్యాంకు చైర్మన్ కర్నూలు వచ్చాడు. గుమ్మం దగ్గర ఎదురెళ్లింది నేను. కంగారులో నా నోటికి ఇంటి మాటే వచ్చింది.

"రాండప్పా, ఈడ కూసోండి."

చైర్మన్ ముఖం మాడిపోయింది. ఎవరితను అన్నట్టు ఏజెంటు వైపు చూశాడు. ఆ మాటకు అర్థమేమిటో ఏజెంటుకు బాగా తెలుసు. అది తిట్టు కాదని ఒక్క ముక్క చెబితే సరిపోయేది.

"మొరటు మనిషండీ. ఈ వైపు వాళ్లకు పెద్దా చిన్నా తెలియదు" అన్నాడు.

కోడుమూరు ఆయన తోడల్లుడి కొడుక్కు పోయింది. డిపాజిట్లు తెచ్చినందుకు ఆయన ప్రమోషన్ మీద హెడ్డాఫీసుకు పోయాడు. నా సర్వీసు ఫైలులో 'పెద్దలతో మాట్లాడటం రాదు' అని రాసి పోయాడు.

పౌరుషం ఉన్నవాడైతే ఆ ఉద్యోగం వాళ్ల ముఖాన కొట్టేవాడు. నేను మాట మార్చుకున్నాను. రెండేళ్లు కష్టపడి, అండీ లేకుండా నోరు తెరవకూడదని నేర్చుకున్నాను. ఇంట్లో కూడా అదే వరస. "మంచినీళ్లు ఇవ్వండి" అంటే నా భార్య వెనక్కి తిరిగి చూసి, "ఎవురొచ్చినారు?" అనేది. నవ్వు ఆపుకోలేక చెంబు అక్కడే పెట్టి వంటింట్లోకి పోయేది.

తర్వాత బద్వేలులో బ్రాంచి అన్నారు. ఏజెంటు ఉద్యోగానికి కడప ట్రావెలర్స్ బంగళాలో ఇంటర్వ్యూ. లోపల కూర్చున్నది ఆయనే, ఇంకాస్త ఒళ్లు చేసి. అడిగినవాటికన్నిటికీ జవాబు చెప్పాను. ఒక్కచోట కూడా నోరు జారలేదు. అచ్చం ఆయన ఊరివాడిలాగే మాట్లాడానని నాకే అనిపించింది.

ఆయన నా ఫైలు మూసి పక్కన పెట్టాడు. "నువ్వు మా వైపు వాళ్లలా తయారయ్యావేమిటయ్యా? బద్వేలు రైతులు నిన్నేం నమ్ముతారు? నోరారా అప్పా అని పిలిచేవాడు కావాలి నాకు. నేను ఇంతవాణ్ణయింది ఆ ఒక్క మాటతోనే" అన్నాడు.

బూతు గొంతుదాకా వచ్చింది. వాడి చొక్కా పట్టుకుని, మా ఊరి భాషలో, వాడి ఏడు తరాలనూ కడిగేయాలనుకున్నాను. నోరు తెరిచాను.

"అలాగేనండీ" అన్నాను.