గూడకొంగలకు పమిట పట్టిన రోజు

ఇది చదివి మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి, కాకపోతే చివరిదాకా చదివాక నవ్వండి. ఒక్క గుడ్డయినా పగలని చోట ఒక కాపురం పగలబోయిన కథ ఇది. ఆ కాపురం నాదే.

మా దొడ్లో చింతచెట్ల మీద ఏటేటా గూడకొంగలు వాలేవి. కాలవలోంచి చేలోకి నీళ్లు తోడే గూడ ఉంటుంది చూడండి, అచ్చం అలాంటి ముక్కు వాటిది. మా అత్తగారి లెక్కలో అవి పక్షులు కావు, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. అవి గూళ్లలో ఉన్నన్నాళ్లూ దొడ్లో రోకలి పోటు పడకూడదు, గట్టిగా తిట్టుకోకూడదు. మొదటి గూడు కట్టిన చెట్టుకు ఆవిడ పసుపూ కుంకుమా పెట్టేవారు. అవి అలిగి వెళ్లిపోతే ఇంటికి చేటని నమ్మకం. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆ కొంగలకున్న మర్యాదలో పావలా వంతు కూడా నాకు లేదు. నేను తిన్నానో లేదో అడిగేవారు లేరు గానీ, కొంగపిల్ల తిన్నదో లేదో అని అత్తగారు పూటపూటా మెడ నొప్పి పుట్టేలా పైకి చూసేవారు.

అలాంటి దొడ్లోకి ఒకరోజు నరసాపురం నుంచి కాలవ పడవలో ఒక దొరసాని దిగింది. వెంట మూడు కాళ్ల పెట్టె, ఒక నల్లగుడ్డ. తెలుగు పుస్తకంలో నేర్చుకుందేమో, మా ఊళ్లో పురాణం చెప్పే పంతులు కన్నా శుద్ధంగా మాట్లాడేది.

"ఆ పెట్టె ఏంటండి?" అన్నారు అత్తగారు.

"ఇది ఛాయాపటములు తీయు యంత్రము. మీ పక్షులను ఇందులోనికి దించుకొందును."

"మీరు దించేసుకుంటే మాకేం మిగులుతాయండి?"

నాకేమో ఆ పెట్టెలోకి ఒక్కసారి తొంగి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. "అత్తయ్యగారూ, బొమ్మే కదండి. ఏం కాదు. నాది పూచీ" అన్నాను.

"నీ పూచీయా? సరే. అవి బెదిరి లేచాయంటే వాటి వెనకాలే నువ్వూ మీ పుట్టింటికి లేచిపో. నీ పెట్టె నేనే పంపిస్తాను."

మా ఆయన అరుగు మీద పలుపు పేనుతున్నారు. తలెత్తలేదు. వాళ్లమ్మ మాట్లాడేటప్పుడు ఆయన చేతికి ఎప్పుడూ ఏదో ఒక పని దొరికేది.

దొరసాని పెట్టె నిలబెట్టింది. బొమ్మ పడే గాజుపలకలు పడవ కుదుపులకు పగిలిపోయి ఒక్కటే మిగిలిందట. "అమ్మాయీ, నేను ఈ గాజుకంటి మూత తీసి మరల పెట్టువరకు ఎవరును మాటలాడరాదు" అంది. మాటిచ్చాను. అందుకు మెచ్చి, ముందు ఒకసారి మూత తీసి, నల్లగుడ్డ ఎత్తి నన్ను లోపలికి చూడమంది.

చూశాను.

లోపల గాజు మీద మా చింతచెట్లు కొమ్మలు కిందికీ మొదళ్లు పైకీ పెట్టి వేలాడుతున్నాయి. గూళ్లు బోర్లించిన మూకుళ్లలా ఉన్నాయి. పచ్చి బాలింతలైన కొంగలు గబ్బిలాల్లా తలకిందులుగా కూర్చుని ముక్కులతో రెక్కలు దువ్వుకుంటున్నాయి. దొరసాని పెట్టెలో తిరగేసింది సరే, పలక పెట్టి మళ్లీ ఆ మూత తీసిందంటే బయట చెట్టు మీద కూడా తిరగబడతాయి, గుడ్లన్నీ నేల పాలే అనుకున్నాను. మీరైతే అలా అనుకునేవారు కారు. మీరెప్పుడూ అత్తగారికి కొంగల పూచీ ఇచ్చి ఉండరు.

దొరసాని మూత పెట్టి, పలక దోపి, మళ్లీ మూత మీద చెయ్యి వేసింది. అంతే, పరుగెత్తాను. చెట్టు కింద నిలబడి, పమిట విప్పి రెండు చేతులా చాపి పైకి చూస్తూ కొయ్యబొమ్మలా బిగుసుకుపోయాను. కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు. గుడ్డు పెట్టిన తల్లికి లేని బెంగ నా పమిటకెందుకో ఆ రోజు నాకు తోచలేదు.

"తొలగుము, అమ్మాయీ, తొలగుము" అంటోంది అప్పటికే మూత తీసేసిన దొరసాని.

నేను పలకలేదు. మాట్లాడనని మాటిచ్చాను కదా. ఇంతలో పైనుంచి ఏదో ఠప్పున పమిటలో పడింది. ఒక గుడ్డు దక్కిందనుకుని చూస్తే, కొంగపిల్ల సగం మింగి కక్కిన చేప.

దొరసాని మూత పెట్టేసి, నిట్టూర్చి పలక బయటికి తీసింది. అత్తగారు వచ్చారు. "ఏంటే ఈ కంపు?"

"తలకిందులైపోయాయండి. గుడ్లు పడిపోతాయని పట్టానండి. కావాలంటే మీరే చూడండి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, వెళ్లి దొరసాని చేత మూత తీయించి నల్లగుడ్డలో తల దూర్చారు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక పమిట విప్పుకుంటూ నడిచి వచ్చి, "ఆ చివరి చెట్టు నేను చూసుకుంటాను, నువ్వు ఇక్కణ్ణించి కదలకు" అన్నారు.

ఆ పెట్టె గుణమే అంత, బయట ఏదీ తిరగబడదు అని దొరసాని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, పెట్టె మడిచి పడవెక్కేదాకా అత్తాకోడళ్లం చెరో చెట్టు కింద పమిటలు పట్టుకునే నిలబడ్డాం. ఒక్క కొంగ లేవలేదు. మమ్మల్ని చూసి, వీళ్లూ మన జాతే అనుకుని ఉంటాయి.

"అవి లేవలేదు కాబట్టి నువ్వూ లేవక్కర్లేదు. వంటకి పద" అన్నారు అత్తగారు.

కొన్నాళ్లకు దొరసాని పటం పంపింది. చెట్టు నిండా కొంగలు, కింద పమిట చాపి ఆకాశం వైపు చూస్తూ నేను. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పటంలోకెక్కిన మొదటి ఆడదాన్ని నేనే. అత్తగారు వచ్చినవాళ్లందరికీ చూపించేవారు: "మా కోడలు. దాని భక్తికి పిట్టలు రెక్క కూడా కదపలేదు." చివరి చెట్టు కింద ఎవరున్నారో ఆవిడ చెప్పలేదు. ఆవిడున్నన్నాళ్లూ నేనూ చెప్పలేదు.

ఆ రోజే చెట్టు మొదలు ముట్టుకుని ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఈ జన్మలో ఏది తలకిందులుగా కనిపించినా ముందు అసలు చెట్టు వైపు చూస్తాను, ఆ తర్వాతే పమిట విప్పుతాను. ఆ ఒట్టు తప్పలేదు. తల నెరిశాక అక్షరాలు నేర్చుకుంటూ ఒకరోజు పుస్తకం తెరిస్తే, లోపల అక్షరాలన్నీ గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. చెయ్యి పమిట మీదికి పోయింది. ఒట్టు గుర్తొచ్చి ఆగాను. పుస్తకం తిప్పి పట్టుకున్నాను.