బ్రేకు బదులు హారన్ కొట్టిన సరంగు

పెద్ద వయసులో డ్రైవింగ్ రాదని మా వృత్తిలో చాలామంది నమ్ముతారు. నలభై దాటిన మనిషి డ్రైవింగ్ స్కూల్లో అడుగు పెడితే "చేతులు బిగుసుకుపోయాయండి, ఇక తిరగవు" అని చాటున నవ్వుకుంటారు. నేను బడి చదువు ఎనిమిదో తరగతితో ఆపేసినవాణ్ణి. ఆ తర్వాత చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే సాగింది. మోటారు బళ్ల మీద అక్కడున్న తెలుగు పుస్తకాలన్నీ చదివాను. వాటిలో ఇంజిన్ గురించి ఉంది, గేర్ బాక్స్ గురించి ఉంది. నేర్చుకోవడానికి వచ్చిన మనిషి గురించి లేదు. అతను కారెక్కకముందు ఏం పని చేసేవాడో, ఆ పని అతని చేతుల్లో ఎలా మిగిలిపోయిందో ఎవరూ రాయలేదు. అందుకే ఏడుకొండలు గారి సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనిపించింది.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, ఎండలు ముదరకముందు, పాలకొల్లులోని మా డ్రైవింగ్ స్కూల్‌కు ఒక రాజు గారు వచ్చారు. గోదావరి వశిష్ఠ పాయ మీద ఒక రేవులో ఆయనకు పంటు ఉండేది. పంటు అంటే మనుషుల్నీ, మోటారు సైకిళ్లనీ, కార్లనీ ఎక్కించుకుని ఏరు దాటించే ఇంజిన్ బల్లకట్టు. ఆ రేవు పక్కనే బ్రిడ్జి కడుతున్నారు. స్తంభాలు లేచి, పైన రోడ్డు కూడా పడిపోయింది. రాజు గారి వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషే ఏడుకొండలు గారు. యాభైకి దగ్గర పడుతున్నట్టున్నారు. ఎండకూ నీటి మెరుపుకూ చిట్లించి చిట్లించి కళ్ల చుట్టూ గీతలు పడ్డాయి.

"మా సరంగండి, పంటుకి చుక్కాని పట్టేది ఈయనే," అన్నారు రాజు గారు. "బ్రిడ్జి తెరిచాక నా పంటు ఎవరెక్కుతారండి? అందుకని కొబ్బరికాయలు తోలడానికి చిన్న ట్రక్కు కొన్నాను. బ్రిడ్జి మీద బళ్లు వదిలే నాటికి ఈయన చేతిలో లైసెన్సుంటే ఆ బండి ఈయనదే. లేదంటే ఎవర్నో ఒకర్ని పెట్టుకోవాలి. ఇన్నేళ్లు నా దగ్గర చేసిన మనిషిని కాదనలేనండి. అలాగని బండిని షెడ్లో పెట్టుకుని కూర్చోలేను కదండి."

"మీరేమంటారు ఏడుకొండలు గారూ?" అని అడిగాను.

"ఏవంటానండి. చిన్నప్పుడు చుక్కాని పట్టుకున్నాను, మళ్లీ వదల్లేదు. వల వెయ్యడం కూడా మర్చిపోయేను. ఇదీ రాకపోతే ఇంక ఒడ్డున కూచోడమేనండి."

ఎల్.ఎల్.ఆర్. తీయించాను. నేర్చుకునేవాళ్లకు ముందుగా ఇచ్చే తాత్కాలిక లైసెన్సు అది. నెల గడిచాక అసలు పరీక్షకు వెళ్లవచ్చు.

మొదటి రోజుల్లో ఆయన మలుపు రాకముందే స్టీరింగ్ తిప్పేసి, బండి తిరిగేదాకా ఆగుతున్నట్టు కూర్చునేవారు. పడవకు చుక్కాని వెనక ఉంటుంది. తిప్పిన కాసేపటికి గానీ ముక్కు తిరగదు. ఆ సంగతి ఊహించి విడమరిచి చెప్పాను, త్వరగానే సర్దుకుంది. చూపు మాత్రం గొప్పది. ఎదురొచ్చే బండిని నాకంటే ముందు పసిగట్టేవారు. ఈయనకు తొందరగా వచ్చేస్తుందని నాలో నేను సంతోషపడ్డాను.

ఒక పొద్దున కాలవ గట్టు రోడ్డు మీద వెళుతున్నాం. ఎదురుగా ఒక బాతుల మంద గట్టెక్కి రోడ్డుకు అడ్డంగా నడుస్తోంది. ఏడుకొండలు గారు తొణకలేదు. హారన్ రెండుసార్లు కొట్టారు, ముక్కలు తెంపినట్టు. తర్వాత నిశ్చింతగా కూర్చున్నారు. బండి అదే వేగంతో పోతోంది. నేను బ్రేకు తొక్కాను. స్కూల్ బళ్లకు డ్యూయల్ కంట్రోల్ ఉంటుంది. అంటే నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్చూ, ఒక బ్రేకూ. ఆఖరి బాతుకు మూర దూరంలో ఆగాం.

"బ్రేకు తొక్కలేదేంటండీ?"

"కొట్టేనుగదండి."

"ఏం కొట్టారు?"

"రెండు కొట్టేనండి. ఆగింది కూడానూ."

బాతులవాడు కర్ర పైకెత్తి "కళ్లు కాలవలో పారేసుకున్నావేంటయ్యా!" అని అరుస్తున్నాడు. నాకు ఈయన జవాబు అర్థం కాలేదు. కంగారులో అన్నారేమో అనుకున్నాను. మర్నాడు సంతలో అదే జరిగింది, ఆ మర్నాడు రైల్వే గేటు దగ్గరా అదే. రెండు హారన్లు, ఆపైన నిశ్చింత. బ్రేకు ఎక్కడుందో అడిగితే చూపిస్తారు. మామూలుగా ఆపమంటే ఆపుతారు. ప్రమాదం ఎదురైనప్పుడు మాత్రం కాలు కదలదు, బొటనవేలు కదులుతుంది. నేర్పేది నేను. లోపం ఎక్కడుందో చెప్పలేకపోతున్నాను. పరీక్ష దగ్గర పడుతోంది. బ్రిడ్జికి రంగులు వేస్తున్నారు.

ఒక ఆదివారం ఉండబట్టలేక రేవుకు వెళ్లి పంటు ఎక్కాను. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊరు వెళ్లడానికి అలాంటి పంటే ఎక్కేవాణ్ణి. అదే డీజిల్ వాసన, అదే తడిసిన తాళ్ల వాసన, గోనె మీద పరిచిన మరమరాలు, సైకిల్ సీటు మీదే కూర్చుని ఏరు దాటే చేపలావిడలు. ఏడుకొండలు గారు పైన కేబిన్లో నిలబడి ఉన్నారు. ముందు చుక్కాని చక్రం. పక్కనే పైనుంచి వేలాడుతున్న తాడు. తాడు లాగితే కింద ఇంజిన్ గదిలో గంట మోగుతుంది. ఒకటి కొడితే ముందుకు, రెండు కొడితే ఆపు, మూడు కొడితే వెనక్కి. అవతలి ఒడ్డు దగ్గరపడగానే ఆయన తాడు రెండుసార్లు లాగారు. కింద ఇంజిన్ గొంతు తగ్గిపోయింది. పంటు జారుకుంటూ వెళ్లి ఒడ్డును మెత్తగా తాకింది.

"కింద ఎవరున్నారండీ?" అని అడిగాను.

"డ్రైవరండి. తాతారావని, మా బావ."

"మరి మీరు?"

"నేను డ్రైవర్ని కాదండి, సరంగుని," అన్నారు, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

నాకప్పుడు తెలిసింది. ఆ మనిషి జీవితంలో బండి ఆపడమంటే కబురు పంపడమే. ఆపేవాడు కింద ఇంకొకడున్నాడు. కారులో ఆ ఇంకొకణ్ణి నేను. ఆయన రెండు కొట్టడం, నేను బ్రేకు తొక్కడం. పద్ధతి బాగానే నడుస్తోందని ఆయన కాళ్లు నమ్మేశాయి.

సాయంత్రం గ్రంథాలయానికి వెళ్లాను. లైబ్రేరియన్ విజయలక్ష్మి గారు నా మాట మొత్తం విని, బి.ఇడి. పిల్లలు పరీక్షలకు చదువుకునే మనోవిజ్ఞాన శాస్త్రం పుస్తకం తీసిచ్చారు. అందులో అభ్యసన బదలాయింపు అని ఒక పాఠం ఉంది. పాత విద్య కొత్త విద్యకు సాయపడితే అనుకూల బదలాయింపు, అడ్డుపడితే ప్రతికూల బదలాయింపు. ఎన్నాళ్లుగానో నా కళ్లముందు జరుగుతున్నదానికి ఒక పేరుందని తెలిసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "కూర్చోండి మాస్టారూ, పేపరు చదివేవాళ్లు చూస్తున్నారు," అన్నారావిడ.

మర్నాడు తాతారావునూ రమ్మన్నాను. ఇంజిన్ పక్కన కూర్చుని కూర్చుని ఆయనకు చెవులు దాదాపు పోయాయి. అందుకే రాజు గారు ఆయన్ని బండికి అడగలేదు. కోతలైపోయిన చేలో మనుషులెవరూ లేని చోట కారు పెట్టి, తాతారావును స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాను. నేను పక్క సీట్లో, నా కాళ్లు నా బ్రేకు మీద. ఏడుకొండలు గారు వెనక. తాతారావు కాళ్లు చూడాలి! క్లచ్ వదలడం వెన్న తీసినట్టుంది. గేరు మారిందని కూడా తెలియలేదు. ఒకటే ఇబ్బంది, ఆయన తల వంచి పెడల్స్ వంకే చూస్తున్నారు. కారు తిన్నగా గడ్డివాము మీదకి పోతోంది.

"ఎదర చూడరా బావా!" అని కేకేశారు ఏడుకొండలు గారు.

"ఆఁ?"

"ఎదర! ఎదర చూడు!"

"నేనెందుకు చూడాలి? చూసేది నువ్వు కదా!"

కారు ఆపి ముగ్గురం నవ్వాం. నవ్వు ఆగాక ఏడుకొండలు గారు ముందుకు వంగి, తన బావ కాళ్ల వంక చూస్తూ ఉండిపోయారు. "ఇన్నేళ్లూ నేను తాడు లాగిన ప్రతిసారీ నువ్వక్కడ ఇంత పని చేసేవాడివేంట్రా," అన్నారు. తాతారావుకు వినపడలేదు. "రేపట్నుంచి నువ్వే చేసుకోవాలి," అన్నారాయన, వేరే మాట ఏదో విన్నట్టు. అయినా సరిగ్గా అతికింది.

మెకానిక్ బాషాతో హారన్ వైరు పీకించాను. రోడ్డు మీద కాదు, ఆ చేలో వరకే. గట్టు వెనకనుంచి ఖాళీ డ్రమ్ము దొర్లించే పని తాతారావుది. డ్రమ్ము కారుకు అడ్డం రాగానే ఏడుకొండలు గారి బొటనవేలు నొక్కుతుంది. చప్పుడు రాదు. నేను కాళ్లు ముడుచుకుని కూర్చుంటాను. మొదట్లో డ్రమ్ము సొట్టలు పడింది. తర్వాత ఒక సాయంత్రం వేలు కదలకముందే కాలు కదిలింది. బండి నిలిచిపోయింది. ఆయన తన కుడికాలి వంక అది ఎవరిదో అయినట్టు చూసుకున్నారు.

అయినా మొదటి పరీక్షలో తప్పారు. బ్రేకు దగ్గర కాదు, ఎక్కుడు దగ్గర. భీమవరం టెస్టింగ్ గ్రౌండులో చిన్న ఏటవాలు కట్టి ఉంటుంది. మధ్యలో ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ ఎక్కించాలి. క్లచ్ సగం వదిలి, ఇంజిన్ బండిని పట్టుకుందని తెలిశాకే హ్యాండ్ బ్రేకు దించాలి. దీన్ని హాఫ్ క్లచ్ అంటాం. మా డెల్టాలో నేలంతా పళ్లెంలా ఉంటుంది, ఎక్కుళ్లు నేర్పే చోటే తక్కువ. బండి జారింది. ఇన్‌స్పెక్టర్ గారు మర్యాదగానే చెప్పారు, వారం పోయాక రమ్మన్నారు. ఆ వారం దాటిన రెండో రోజున బ్రిడ్జి తెరుస్తారు. తిరిగి వస్తుంటే, "రాజు గారికి ఇంకొకర్ని చూసుకోమని చెప్పెయ్యనాండి?" అన్నారు.

"వారం ఆగండి," అన్నాను.

ఉపాయం తాతారావే చెప్పారు. "ఎక్కుడు కావాలంటే రేవుకి మించింది ఏవుందండి!" నిజమే. పంటు దిగిన బండ్లన్నీ ఆ వాలు ఎక్కే ఒడ్డు మీదకొస్తాయి. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య, వెనక చక్రాల కింద పెట్టడానికి తాతారావు చెక్క దిమ్మ పట్టుకుని నిలబడగా, ఆ రేవు వాలులోనే నేర్పాను. "అరచెయ్యి ఇంజిన్ మీద పెట్టినట్టు, అరికాలు క్లచ్ మీద పెట్టు బావా. వణుకు తెలుత్తాది. తెలిసేకే వదులు," అనేవారు తాతారావు. నా పుస్తకాల్లో హాఫ్ క్లచ్ గురించి రెండు పేజీలున్నాయి. ఏడుకొండలు గారికి ఆ వణుకు అన్న మాటే పనికొచ్చింది.

రెండోసారి ఎక్కుడు మధ్యలో బండి ఆగింది, ఒక్క క్షణం ఊపిరి తీసుకున్నట్టు నిలిచింది, ఎక్కేసింది. "ఇంతకుముందు ఏం నడిపేవారు?" అని ఇన్‌స్పెక్టర్ గారు అడిగారట. "గోదారి మీద పంటండి," అంటే, "అందుకేనా మలుపుల్లో అంత నిదానం," అని సంతకం చేశారట. రాజు గారు బండి తాళం అప్పుడే ఇవ్వలేదు. బ్రిడ్జి తెరిచిన రోజున, చివరి ట్రిప్పు అయ్యాక, పంటును ఒడ్డుకు లాగిన తర్వాత ఇచ్చారు. ఏడుకొండలు గారు మొదటి లోడు కొబ్బరికాయలతో బ్రిడ్జి దాటుతుంటే నేను పక్కన కూర్చున్నాను. నా కాళ్ల దగ్గర బ్రేకు లేదు. పంటు మీద అంతసేపు పట్టే ఏరు ఒక పాట వినేలోపు అయిపోయింది. "ఏంటండి, అప్పుడే వచ్చేసేమా!" అన్నారాయన. ఆ గొంతులో సంతోషం సగమే ఉంది.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. పెద్ద వయసులో వచ్చినవాడు ఖాళీ చేతులతో రాడు. ఒక విద్యను మోసుకుని వస్తాడు. అదేమిటో కనుక్కున్నాకే మన విద్య మొదలుపెట్టాలి. ఇప్పుడు మా స్కూల్లో ఎవరు చేరినా మొదటి గంట నేను అడుగుతాను, వాళ్లు చెబుతారు. కారు కదలదు.

ఆ పాఠం తీసిచ్చిన విజయలక్ష్మి గారికి, వైరు పీకి మళ్లీ కలిపి "ఉత్తినే చేశాను పొండి" అన్న బాషాకు, చేలో కారు తిప్పనిచ్చిన రైతు సుబ్బారావు గారికి, వారం ఆగిన రాజు గారికి నా కృతజ్ఞతలు. తాతారావు గారు ఇప్పుడు మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర జనరేటర్లు చూస్తున్నారు. నాకు హాఫ్ క్లచ్ నేర్పింది ఆయనే. చివరగా ఏడుకొండలు గారికి. అచ్చుకు పంపేముందు ఇదంతా ఆయనకు చదివి వినిపించాను. అంతా విని ఒక్కచోటే అడ్డం పడ్డారు. "బ్రిడ్జి వచ్చి పంటు పోయింది అని రాసేరు మాస్టారండి. అది తీసెయ్యండి. మా దగ్గర పోయిందంటే మునిగిందని. మా పంటు మునగలేదండి, ఒడ్డుకి లాగేం." ఆ వాక్యం మార్చాను.