నైరుతి మూల రేకు

నందిగామలో పదో తరగతికి త్రికోణమితి చెప్పే నేను, ఇంటి వెనక ఒక గదికి రేకులు వేయలేనా అనుకున్నాను. గది మా ఆవిడ కోసం. తను పెళ్ళి జాకెట్లు కుడుతుంది. ఇన్నాళ్ళూ హాల్లో టీవీకీ మంచానికీ మధ్య మిషను పెట్టుకుని, వచ్చేపోయే వాళ్ళందరికీ కాళ్ళు ముడుచుకుని దారిచ్చేది. శ్రావణానికి గది చేతికి రాకపోతే పెళ్ళికూతుళ్ళ జాకెట్లు ఇక ఒప్పుకోనని చెప్పేసింది.

గోడలు మేస్త్రి కట్టాడు. కప్పు మాత్రం నాదే అన్నాను. జగ్గయ్యపేట నుంచి ఇనప పైపులూ నీలం రేకులూ ట్రాలీ ఆటోలో తెచ్చాను. వాలు ఎంతుండాలో నోటుబుక్కులో లెక్క కట్టాను. సైన్ తీటా, టాన్ తీటా, అన్నీ. ఫ్రేము బిగించి కొలిస్తే వెంట్రుకవాసి తేడా లేదు. ఆ సాయంత్రం వీధిలో కొంచెం ఛాతీ విరుచుకునే తిరిగాను.

గది పొడవుకు ఒక రేకు చాలదు. పడమర ఎత్తులో ఒక వరస, తూర్పు పల్లంలో ఒక వరస వేయాలి. మొదటి రేకు ఎత్తుతుంటే కింద నుంచి అమ్మ కేకేసింది.

"ఒరేయ్, బరువు ముందు నైరుతిలో పడాల్రా! ఆ మూల నుంచే మొదలెట్టు."

నైరుతి ఎత్తు వైపు ఉంది. నాకు వాస్తు మీద నమ్మకం లేదు గానీ అమ్మంటే భయం ఉంది. పడమటి వరసంతా బిగించేసి, దాని అంచు మీదకు తూర్పు వరస ఎక్కించాను. ఎత్తు రేకు మీద జారిన నీళ్ళు పల్లపు రేకు కిందకు దూరతాయని ఏ త్రికోణమితిలోనూ లేదు.

మర్నాడు మిషను గదిలో చేరింది. మూడో రోజు వాన పడింది. రెండు వరసలు కలిసిన చోట ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బారుగా కారింది. కింద చందర్లపాడు పెళ్ళికూతురి పట్టు జాకెట్టు, చేతులు కుట్టడమే తరువాయి. మా ఆవిడ దాన్ని గుండెకు అదుముకుని వంగిపోయింది. నీళ్ళన్నీ తన వీపు మీదే పడ్డాయి. జాకెట్టు తడవలేదు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

తల తుడుచుకుంటూ పైకి చూసింది. "మా వత్సవాయిలో పశువుల పాకకి తాటాకు కింద నుంచి పైకి కప్పుకొస్తారండీ. మీరేంటి, పై నుంచి కిందకొచ్చారు?"

"మరి నైరుతి..." అని అమ్మ అందుకుంది.

"బరువుండాలి, అంతేగా అత్తయ్యా?"

పెరట్లో పడున్న రుబ్బురోలు నాచేత మోయించి ఆ మూల పెట్టించింది. అమ్మకు తృప్తి, నాకు నడుంనొప్పి. రెండు రోజులు రేకులన్నీ ఊడదీసి, పల్లం నుంచి మళ్ళీ బిగించి, పాత బెజ్జాలన్నీ పూడ్చాను.

మళ్ళీ వానొచ్చింది. బకెట్టు పట్టుకుని, వరసలు కలిసిన చోటు కింద నిలబడ్డాను. సరిగ్గా అక్కడే ఆ పట్టు జాకెట్టు పరుచుకుని మా ఆవిడ చేతులు కుడుతోంది. పావుగంటైనా ఒక్క చుక్క పడలేదు. తను ఒక్కసారి కూడా పైకి చూడలేదు.

"ఏవండీ, ఆ బకెట్టు అక్కడ పెట్టి దండెం మీద బట్టలు తీసుకురండి," అంది. "తడిసిపోతున్నాయి."