బెత్తం తరఫున నేను చేసిన ప్రసంగం

ఎనభైల నడుమ సూర్యాపేట సర్కారు బడిలో చదువుకున్నవాళ్లకు దెబ్బ ఒక వార్త కాదు. ఎండ కాసింది, గంట కొట్టారు, లెక్కల సారు కొట్టాడు అన్నట్టే ఉండేది ఆ రోజుల్లో. ఇంట్లో చెబితే "ఊకెనే ఎందుకు కొడతడు సారు?" అని ఇంకోటి పడేది కనుక చెప్పేవాళ్లమూ కాదు. అలాంటి దెబ్బలను నెల రోజులపాటు చట్టం చేసి ఆపించే అవకాశం మా పదో తరగతికి ఒకసారి వచ్చింది. దాన్ని చెడగొట్టింది నేనే. అందుకు నాకున్న ఒకే ఒక్క కారణం అసూయ.

ఆ అసూయకు మేం పెట్టుకున్న పేరు కోదాడోడు. వాళ్ల నాన్నకు కోదాడ నుంచి బదిలీ అయితే ఆ జూన్‌లో మా తరగతిలో చేరాడు. అంతవరకు పంద్రాగస్టు వక్తృత్వ పోటీలో మొదటి బహుమతి నాదే. (బహుమతి అంటే స్టీలు సబ్బుపెట్టె. మా ఇంట్లో మూడుండేవి.) నాలుగోది వాళ్లింటికి పోయింది. వాడు "అండీ" అంటే సార్లు కరిగిపోయేవారు. రోజూ ఇస్త్రీ చొక్కా. అన్నిటికన్నా మంట ఏమిటంటే, వాడు మంచివాడు. పరీక్షలో నా పెన్ను సిరా కక్కితే తన పెన్ను ఇచ్చాడు. అలాంటివాడంటే పడకుండా ఉండడానికి ఎంత కష్టపడాలో నాకే తెలుసు.

బాలల దినోత్సవానికి పదో తరగతితో ఉత్తుత్తి శాసనసభ పెట్టించడం మా బడి ఆనవాయితీ. హెడ్మాస్టరు గారు (మాకు పెద్దసారు) ఆ ఏడు కోదాడోణ్ని ముఖ్యమంత్రిని చేశారు. నన్ను ప్రతిపక్ష నాయకుణ్ని చేసి, "రంది పడకు, గదీ పెద్ద పోస్టే" అన్నారు. ముఖ్యమంత్రి తెచ్చిన బిల్లు, బడుల్లో పిల్లల్ని కొట్టడం నిషేధం. పెద్దసారు నవ్వి, "పాస్ చేసుకోండ్రి. పాసైతే నెల రోజులు ఏ సారూ బెత్తం ముట్టడు. నా మాట" అన్నారు. తరగతికి తరగతే కోదాడోణ్ని భుజాలకెత్తుకుంది. ఒక కాలు నేనూ పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ ఆదివారం మిర్యాలగూడలో మేనమామ దగ్గరికి పోయాను. రైస్ మిల్లులో గుమాస్తా. రోజూ పేపరు చదివి హమాలీలకు రాజకీయాలు బోధించేవాడు.

"మామా, బిల్లు మంచిగనే ఉంది. ఎట్ల వద్దనాలె?"

"బిల్లును సూడకురా, తెచ్చినోణ్ని సూడు. ప్రతిపక్షమంటే గంతే."

"దెబ్బలు నాక్కూడ పడతయి గద మామా."

"పడనియ్. నాయకుడన్నంక జర త్యాగం ఉంటది."

తవుడు బస్తా మీద కూర్చుని ప్రసంగం రాసుకున్నాను.

సభలో ముందు వాడు లేచాడు. "అధ్యక్షా, నాకు పదమూడో ఎక్కం ఇప్పటికీ రాదండీ. దాని కోసం తిన్న దెబ్బలు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు" అన్నాడు. వరండాలో నిలబడి చూస్తున్న సార్లు కూడా నవ్వారు. తర్వాత నేను. "అధ్యక్షా, బెత్తమే లేకుంటే ఈ తాలూకాకు ఒక్క డాక్టరుండునా, ఒక్క తాసిల్దారుండునా? ఇయ్యాల దెబ్బలొద్దంటరు, రేపు పరీక్షలొద్దంటరు." చప్పట్లు లేవు. వెనక బెంచీ నుంచి "ఏమైందిరా నీకు, జరమొచ్చిందా?" అని మాత్రం వినబడింది.

ఓడిపోతున్నానని తెలిసిపోయింది. అప్పుడే వాడి బల్ల మీద ఓటింగు కోసం కోసిపెట్టిన చీటీలు కనబడ్డాయి. "అధ్యక్షా, చీటీలెందుకు? అసలు సభల చేతులే ఎత్తుతరు" అన్నాను. స్పీకరుగా కూర్చున్న అమ్మాయి పెద్దసారు వైపు చూసింది. ఆయన తలూపారు. "బిల్లుకు అనుకూలమైనోళ్లు" అని ఆమె అనగానే ఏడుగురు సార్లు కిటికీల దగ్గరికి జరిగారు. లెక్కల సారు కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. లేచింది ఒక్క చెయ్యి, ముఖ్యమంత్రిది. ఆయన మంత్రివర్గం మొత్తం కింద పడిన పెన్సిళ్లు వెతుక్కుంటోంది.

మరునాడు లెక్కల సారు నాతోనే మొదలుపెట్టారు. "నిన్న బెత్తం గొప్పతనం బాగ చెప్పినవ్. పట్టు చెయ్యి." నా తర్వాత తరగతంతా. నెల రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు, ఒక్కడు తప్ప. బోరింగు దగ్గర అరచేతులు తడుపుకుంటుంటే పక్కనే చేతులు చాపి కోదాడోడన్నాడు: "చేతులెత్తించావు చూడు, అది నాకు తట్టలేదు. బాగా చేశావు." నిజంగానే మెచ్చుకున్నాడు. బెత్తం కన్నా అది ఎక్కువ మండింది.

తొంభైల చివర్లో నేను పేపర్లో పనిచేస్తున్నాను. కొట్టడాన్ని చట్టంతో ఆపాలా అన్న మాట నడుస్తోంది, పంతుళ్లను అడిగి రమ్మంటే కోదాడ వెళ్లాను. అయిదో తరగతి గదిలో కనబడ్డ సారు వాడే. చొక్కాకు ఇస్త్రీ లేదు. (కొంచెం సంతోషించాను.) బెత్తమూ లేదు. "ముందు నాది చూడండి సార్" అని పిల్లలు నోటుబుక్కులతో మీద పడుతున్నారు.

"చట్టమింకా రాలేదు గదరా?" అన్నాను.

"అదొచ్చేదాకా ఆగితే వీళ్ల చదువు అయిపోద్ది. కూర్చో, పాఠం అవనీ."

వార్తకు కావలసింది దొరికింది. లేచి బస్సు పట్టుకోవచ్చు. కానీ చివరి బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని పీరియడ్ అయ్యేదాకా కూర్చున్నాను. ముప్పై దగ్గరపడ్డ మనిషిని, పదేళ్ల పిల్లల్ని ఒక్కొక్కరినే చూస్తూ, అందరి మీదా కుళ్లుకుంటూ.